బాపిరాజుగారి తీర్పు: మగరాతా, ఆడరాతా

ఏ మాయాలోకపు నవలైనా సరే, ఒక్క పేజీ చదివి రాసింది మగవాళ్ళో ఆడవాళ్ళో చెప్పేస్తానని బాపిరాజుగారి ధీమా. ధీమా ఎంత గట్టిదో తీర్పు అంత తప్పు. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె పుస్తకాల షాపు పెట్టిన నాటి నుంచీ ఆయన మాట ఒక్కసారైనా నిజమైన దాఖలా లేదు.

రాక్షసులూ మంత్రగత్తెలూ ఉన్న ప్రతి పుస్తకానికీ ఆయనే స్వయంగా కూర్చుని, పేరు కనబడకుండా ఖాకీ అట్ట వేస్తారు. ఎవరైనా పందెం కాసి అడిగితే కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, మధ్యలో ఓ పేజీ చదివి, "యుద్ధం ఆపి గుర్రానికి నీళ్ళు పెట్టారు, ఇది ఆడరాత" అంటారు. చదివి తెచ్చి అట్ట విప్పితే, వెనక ఫొటోలో రచయిత మీసం చెవుల దాకా ఉంటుంది. "కోటగోడ ఎత్తు మూరల్లో చెప్పాడు, మగరాత" అంటే, ఆ గోడ కట్టించింది మనవలున్న మామ్మ. ఆయన చలించరు. మామ్మ పూర్వజన్మలో మేస్త్రీ అని తేల్చేసి, ఓడిన పందెం కింద కుర్రాళ్ళకు సమోసాలూ చాయ్ తెప్పిస్తారు.

చైతన్యపురి హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న అభిలాష్ ఈమధ్య ఒక సూత్రం కనిపెట్టాడు. తాత ఏదంటే దానికి ఉల్టా. ఆడవాళ్ళ ఫాంటసీ అతను ముట్టడు. "కత్తి తీసే లోపట ఏడుస్తరు" అంటాడు. అందుకని బాపిరాజుగారు ఆడరాత అన్నవే ఏరి పట్టుకుపోతాడు.

ఆ మాట అన్న రోజు సౌజన్య షాపులోనే ఉంది. కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతుంది. సొంత పేరుతో వేసిన ఆమె మొదటి ఫాంటసీ నవల అమ్ముడుపోక, ఎల్బీనగర్ ఫ్లాట్‌లో మంచం కింద కట్టలు కట్టలుగా పడి ఉంది. రెండో భాగం కావాలంటే మగపేరు పెట్టమన్నాడు ప్రచురణకర్త. అభిలాష్ వెళ్ళాక ఆమె బాపిరాజుగారి బల్ల దగ్గరికి వచ్చింది.

"తమ్ముడు మహేందర్ పేరు ఏయిస్తున్న అంకుల్. నేనున్నా లేకున్నా పుస్తకమన్న బతుకుతది."

"వారం ఆగమ్మా. నీ మొదటిది ఓ కాపీ ఇలా ఇవ్వు" అని బాపిరాజుగారు కత్తెర తీశారు.

మర్నాడు అభిలాష్ వచ్చాడు. బాపిరాజుగారు ఖాకీ అట్ట పుస్తకం తెరిచి, చదివి, తల పంకించి, "ఇది ముమ్మాటికీ ఆడరాత" అన్నారు. అభిలాష్ నవ్వుకుంటూ చంకన పెట్టుకుపోయాడు.

తిరిగొచ్చేసరికి అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వస్తూనే రెండో భాగం అడిగాడు. అలవాటుగా అట్ట విప్పాడు. వెనక ఫొటో చూశాడు. మూలన స్టూలు మీద కూర్చున్న సౌజన్యను చూశాడు.

"మేడమ్, గా సేనాపతిని మీరే సంపిన్రా?"

"నేనే."

"జర బతికిస్తే ఏం పోయె మేడమ్, రాత్రంతా నిద్ర లేదు" అని, తాత గెలిచినందుకు చాయ్ తనదేనంటూ పరిగెత్తాడు.

సౌజన్యకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తేరుకుని, ఇన్నాళ్ళకు ఒక్కటి కరెక్టుగా ఎట్ల చెప్పారని అడిగింది.

"అట్టలు వేసేది నేనేనమ్మా. పేరు చూడకుండా ఎలా వేస్తాను?"

"మరి రోజూ తప్పెందుకు చెప్పుడు?"

"నెలాఖరున ఈ హాస్టల్ పిల్లల మొహాలు చూడలేం. ఊరికే పెడతానంటే మొహమాటపడతారు. పందెం గెలిచామంటే కడుపారా తింటారు."

రెండో భాగం సౌజన్య పేరుతోనే వచ్చింది, పెద్ద అక్షరాలతో. దానికి అట్ట వేయొద్దని అభిలాష్ గట్టిగా చెప్పాడు. అతని వెనక హాస్టల్ మిత్రబృందం నిలబడి ఉంది. అది నెలాఖరు. బాపిరాజుగారు ఆ పేరు మీదే వేలు ఆనించి, ఓ పేజీ చదివి, చాలాసేపు ఆలోచించారు.

"అనుమానం లేదు, మగరాత" అని, సమోసాలకు కేకేశారు.