స్లాబు మీద స్నానాలు

వాగు పొంగితే మా ఊరు తలదాచుకునే వరద మేడకు సర్కారు పెట్టిన పేరు ఏదో ఉంది. గోడ మీద చెక్కించారు కూడా. ఆ పేరు ఎవరూ వాడరు, మాబున్నీసా మేడ అంటారు. అలాగని ఆమె స్థలం ఇచ్చిందీ లేదు, చందా ఇచ్చిందీ లేదు. దుర్గి అవతల మా పల్లెలో ఆమెకున్నదల్లా వాగు ఒడ్డున మట్టిగోడల ఇల్లు, మంచం దిగలేని అత్త జాన్‌బీ, ఎంతటివాణ్నైనా దులిపేసే నోరు. భర్త మాచర్లలో లారీ మెకానిక్కు, ఎప్పుడో ఆదివారం వచ్చేవాడు.

ఎనభై మూడులో వాగు పొంగిన రోజు ఊరంతా గుట్టకు పరిగెత్తింది. మాబున్నీసా మాత్రం అత్తను గుట్ట దాకా మోయలేక, వీపున వేసుకుని అటక మీదికి ఎక్కింది. కింద నీళ్లు తిరుగుతుంటే ముసలామెను పట్టుకుని కూర్చుంది. "నన్నొదిలి నువ్వు పోవే" అని జాన్‌బీ అంటూనే ఉందట.

తర్వాత ఒకరోజు మా అమ్మ దగ్గర ఆమె ఏడవడం నేను విన్నాను. "ఇంకోసారి అట్టా కూర్చోలేనక్కా. ఈసారి నిజంగానే వదిలేసి పోతానేమోనని భయంగా ఉంది."

వరద నిధులతో ఎత్తు మీద మేడ కడుతున్నారని, వెడల్పాటి మెట్లు పెడుతున్నారని తెలియగానే అందరికంటే ముందు ఆమె కూలికి కుదిరింది. ఇటుకలు మోసింది, కాంక్రీటు తట్టలు అందించింది.

స్లాబు పోసింది ఎనభై అయిదు మే నెలలో. సర్కారు పనులంటే అంతే, వరద కోసం కట్టే మేడ కరువులో పైకి లేస్తుంది. ఇంజనీరు ఐజాక్ గారు కాంట్రాక్టరు మస్తాన్‌రావునూ కూలీలనూ నిలబెట్టి రూల్సు చెప్పారు. రెండు వారాలు స్లాబు నీళ్ల కింద ఉండాలి. ఆ నీళ్లకు ఉప్పు, మురికి, సబ్బు తగలకూడదు. కరువు కాలం కాబట్టి ఊరి మంచినీళ్ల బావి ముట్టుకోకూడదు, కాంట్రాక్టరే ట్యాంకరు తేవాలి.

"ఎండి నెర్రెలిస్తే పనిని ఒప్పుకోను. పగలగొట్టాల్సిందే" అన్నారు ఐజాక్ గారు. మళ్లీ పోసేలోపు నిధులు వెనక్కి పోతాయని ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

స్లాబు మీద మట్టిగట్లు వేసి వరిమడుల్లా చేశారు. ట్యాంకరు నాలుగు రోజులు వచ్చింది. అయిదో రోజు గేరుబాక్సు పోయిందన్నాడు మస్తాన్‌రావు. ఆరో రోజు డ్రైవరు పెళ్లికి పోయాడన్నాడు. ఆ తర్వాత మనిషే కనపడలేదు.

మాబున్నీసా మడుల్లో గడ్డి పరిచింది, గోనెపట్టాలు కప్పింది. పల్నాటి ఎండకు గడ్డి ఒక లెక్కా? మధ్యాహ్నానికల్లా పెళపెళలాడింది. ఆమె బావి దాకా వెళ్లి, బిందెలతో వరసలో నిలబడ్డ జనాన్ని చూసి, తోడకుండానే తిరిగొచ్చింది. దారిలో నేను కనపడ్డాను. మా ఇంటి వెనక తుమ్మచెట్టు కింద హాయిగా స్నానం చేస్తున్నాను.

ఆమె ఆగిపోయింది. నా కాళ్ల కింద నుంచి పారి నేలలో ఇంకిపోతున్న నీళ్లకేసి చూసింది.

"ఒరేయ్, ఆ నీళ్లెవడబ్బ సొమ్మని తుమ్మచెట్టుకు పోస్తన్నావురా? బకెట్టు తీసుకుని మేడెక్కు!"

తడిసిన పంచెతో, సగం బకెట్టుతో వీధిలో నడిచి వెళ్లాను. చూసినవాళ్లు నవ్వారు. సాయంత్రానికి ఆ నవ్వినవాళ్లంతా మెట్ల మీద వరసలో ఉన్నారు. ఎలాగూ ఒంటికి పోసుకునే నీళ్లే, పోసుకునేదేదో స్లాబు మీదే పోసుకోమంది ఆమె. చుట్టూ తడికలు కట్టించింది. తెల్లవారుతూ ఆడవాళ్లు, ఎండెక్కాక మగవాళ్లు. కాళ్లు కిందే కడుక్కుని ఎక్కాలి. మెట్ల మొదట్లో తాను కాపలా కూర్చుంది.

"సబ్బు తెచ్చినోడి బకెట్టు వాగులో ఉండిద్ది!"

మోతుబరి బాలకోటయ్యకు ఇది నచ్చలేదు. "ఊళ్లో అన్ని వాడలోళ్లూ పోసుకునే చోట నన్ను పోసుకోమంటావా ఏందమ్మాయ్?" అన్నాడు.

"వాగొచ్చిననాడు గుట్ట మీద ఎవరి గొంగట్లో దూరావు మామా? అప్పుడడిగావా ఏ వాడని?"

ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పాలేరు చేత రెండు బిందెల నీళ్లు పంపాడు, మడిలో పోసి రమ్మని. మాబున్నీసా ఆ బిందెల్ని మెట్లెక్కనివ్వలేదు.

"ఇవి తాగే నీళ్లు. వీటిని స్లాబుకు పొయ్యటానికి రూలొప్పుకోదు. మనిషినే రమ్మను."

మూడో రోజు బాలకోటయ్య భుజాన తువ్వాలుతో వచ్చి వరసలో నిలబడ్డాడు. మేమెవరం నవ్వలేదు. నవ్వితే ఆమె ఊరుకునేది కాదు.

చెప్పిన గడువుకు ఐజాక్ గారు వచ్చారు. ఇన్నాళ్లూ కనపడని మస్తాన్‌రావు ఇస్త్రీ చొక్కాతో ఆయన వెనకే దిగాడు. మడుల్లో నీళ్లు చూసి మొదట తెల్లబోయి, వెంటనే తేరుకున్నాడు.

"రోజూ ట్యాంకరు తిప్పించా సార్" అన్నాడు.

మాబున్నీసా నోరు మూసుకుని ఉంటే అక్కడితో పని గట్టెక్కేది. ఊరుకుంటే బాగుండుననుకున్నాను.

"ట్యాంకరు లేదు, గీంకరు లేదు సార్. ఇయ్యి ఊరు స్నానం చేసిన నీళ్లు" అంది.

ఐజాక్ గారి మొహం మారిపోయింది. "స్నానం నీళ్లా? మంచి నీళ్లని చెప్పాను కదమ్మా. దీన్ని నేనెట్లా ఒప్పుకునేది?"

"సబ్బు రానియ్యలేదు సార్. కాళ్ల మట్టి రానియ్యలేదు. మంచియ్యే."

"మంచివని ఎలా నమ్మను?"

ఆమె వంగి, దోసిలి ముంచి, తాగేసింది. మూతి తుడుచుకోలేదు కూడా. ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడింది. మా అందరి ఒళ్ల మీద నుంచి జారిన నీళ్లవి. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. బాలకోటయ్య ఒక్కడే ముందుకొచ్చి, పంచె ఎగ్గట్టి, ఆమె ముంచిన మడిలోనే ముంచి తాగాడు.

ఐజాక్ గారు కాసిని నీళ్లు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశారు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఒక్కో మడిలో గడ్డి తొలగించి స్లాబంతా చేత్తో తడిమారు. కింద గదిలోకి దిగి కప్పు మూలమూలా చూశారు. పైకి వచ్చి, "ఎక్కడా నెర్రె లేదు. ఈ రోజుతో ఆపొచ్చు. పని ఒప్పుకుంటున్నాను" అన్నారు. మస్తాన్‌రావు వైపు తిరిగి, ట్యాంకరు బిల్లు మాత్రం తన టేబులు మీదికి రాకూడదన్నారు.

అప్పటికే మాబున్నీసా మెట్లు దిగుతోంది.

"మామా, మంచం పట్టండి. ఒక మనిషి మిగిలిపోయింది."

జాన్‌బీని నులకమంచం మీద తెచ్చాం. ముందు కోళ్లు బాలకోటయ్య, నేను పట్టుకున్నాం. వెడల్పాటి మెట్లే కాబట్టి మంచం ఎక్కడా తగల్లేదు. తడికల మధ్య దించి మేం ఇవతలికి వచ్చేశాం. లోపల మాబున్నీసా అత్తకు నీళ్లు పోస్తున్న చప్పుడు వినపడుతోంది. తడిక సందులోంచి వాగు కనపడినట్టుంది, జాన్‌బీ అడిగింది.

"ఏమే, ఇక్కడి దాకా రాదు గదా?"

"రాదత్తా."

"వస్తే నన్నొదిలి పోవాలి మరి."

చెంబు ఆగింది.

"ఇంక ఆ మాట అనబాకత్తా" అంది మాబున్నీసా, "తల వంచు, నీళ్లు పోస్తా."