స్పీకర్లకు మచ్చు తీసిన మావయ్య

పొదిలిలో మా పక్కింటి మావయ్య పోయిన నెల ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ పోయారు. గ్లాసు కింద పెట్టి, "పంచదార తక్కువైంది" అన్నారట. అవే చివరి మాటలు. జాతికి సందేశమేదైనా ఇచ్చి ఉంటారని ఆశించినవారికి నా క్షమాపణలు.

మాకు రక్తసంబంధం లేదు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, ఆ వరసలోనే మావయ్య. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఆయనది. బస్తా మూతి దగ్గర మెరిసే కాయను కన్నెత్తి చూసేవారు కాదు. చెయ్యి లోపలికి పోనిచ్చి, మధ్యలోంచి గుప్పెడు తీసి, విరిచి వాసన చూసేవారు. ఆ గుప్పెడే మచ్చు.

ఉద్యోగంలో చేరాక, హాల్లో ఉన్న బుల్లి సౌండ్‌బార్ తీసేసి గట్టిగా మోగే హోమ్ థియేటర్ పెట్టాలనుకున్నాను. గుండెల్లో కొట్టాలి, కిటికీలు అదరాలి. ఇది నా జీవితాశయం, నవ్వకండి. రివ్యూలన్నీ చదివినా ఏ స్పీకర్ల జత మేలో తేల్చుకోలేక, సరుకు చూడటం తెలిసిన మనిషి కదా అని మావయ్యను గుంటూరులో షాపుకి తీసుకెళ్ళాను.

షాపతను ఏదో సినిమా ఫైటు పెట్టాడు. గది దద్దరిల్లింది.

"ఆపు బాబూ. నువ్వు పెట్టింది బస్తా మూతి కాయ. మచ్చు నేను తెచ్చా" అని మావయ్య తన ఫోనిచ్చారు. అందులో రికార్డు చేసుకొచ్చిన అత్తయ్య గొంతు స్పీకర్లలో మోగింది: "ఏవండోయ్! అన్నం చల్లారిపోతోంది. వస్తారా, కుక్కకి పెట్టెయ్యనా?"

షాపంతా నవ్వింది. మావయ్య మాత్రం కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపారు. "మోత ఉందిరా అల్లుడూ, మాట లేదు. మీ అత్త పిలిస్తే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. దీనికి లేవలా."

విజయవాడ, ఒంగోలు, మళ్ళీ గుంటూరు. ఎక్కడికెళ్ళినా అదే మచ్చు, అదే తీర్పు. ఒక జత నాకు నిజంగా నచ్చింది. అత్తయ్య పక్కనే నిలబడి అరిచినట్టుంటే లేచి నిలబడ్డాను కూడా. "నువ్వు ఆకలి మీదున్నావులే, అది చెల్లదు" అని కొట్టేశారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, అయినా నమ్మాను. "ఏరా, ఇంకా కొనలేదా?" అని స్నేహితులు అడిగితే, "వాటిలో మాట లేదురా" అని గంభీరంగా చెప్పేవాణ్ణి.

పెద్దకర్మ అయ్యాక అత్తయ్య, "ఇంక కొనుక్కోరా ఆ డబ్బాలు" అంది.

"మంచివి దొరకలేదత్తయ్యా."

"దొరక్కపోవడమేంట్రా! 'వాడు కొన్నాడంటే ఈ గోడ పక్కన నాకు నిద్రుండదే, ఏదో వంక పెట్టి తిప్పుతున్నా' అని నవ్వేవారు. నాచేత అరిపించి రికార్డు చేసుకున్నదీ అందుకే. ఇప్పుడింక ఆయన నిద్రకేం భయం?"

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. యార్డులో ఏ రైతునైనా ఎవరైనా ఇలా తిప్పితే మావయ్య కలబడేవారు. నన్ను మాత్రం మిర్చి బజ్జీలు తినిపించి మరీ తిప్పారు. బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేవారు. అదీ వంకేనా? నాతో రావడం ఆయనకిష్టమనుకున్నానే! అడుగుదామంటే మనిషి లేరు. మోసం చేసి, దొరికేలోపు పోవడం పెద్దమనుషుల పద్ధతి కాదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

కసికొద్దీ ఆ నచ్చిన జతే కొన్నాను. ఆదివారం పట్టపగలు, గోడవైపు తిప్పి, సౌండు ఆఖరిదాకా పెంచాను. సున్నం రాలింది. ఎందుకో ఆపేశాను. అవతలనుంచి అత్తయ్య కేకేసింది.

"ఆపావేంరా? ఉండనీ!"

మళ్ళీ పెట్టి పెరట్లోకి వచ్చాను. వాళ్ళ కిటికీలోంచి కనిపించింది. అత్తయ్య తన మంచాన్ని ఒక్కతే ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి తెస్తోంది.