ఒక అడుగు కుడికి

గోల్ఫ్ మైదానంలో అందరూ ‘గుంటల మేస్త్రి’ అని పిలిచే ఈ అర్జీదారు వయస్సు యాభై ఎనిమిది. ఇది వ్రాస్తున్న ఆఫీసు గుమాస్తాకు వీరితో ఇరవై ఆరేళ్ల పరిచయం. ఇన్నేళ్లలో వీరు తమకోసం ఒక్క అర్జీ కూడా పెట్టుకున్నవారు కారు. ఇప్పుడు పెట్టుకొనవలసిన అవసరం ఎలా వచ్చినదో మొదటినుంచి చెప్పడం న్యాయం.

గోల్ఫ్ ఆటలో బంతి చివరకు చేరవలసిన గుంట నిత్యం ఒకేచోట ఉండదు. ప్రతి తెల్లవారీ పాతది పూడ్చి, కొత్తది కోయాలి. అందుకు వాడే ఉక్కు గొట్టాన్ని కట్టరు అంటారు. మేస్త్రి దానిని పచ్చిక మీద నిటారుగా నిలిపి, మెల్లగా తిప్పుతూ దించి, మట్టిముద్దను పచ్చికతో సహా పైకి తీసి, ఆ ముద్దతోనే నిన్నటి గుంటను పూడుస్తారు. ఆపైన మోకాళ్ల మీద వంగి, అంచులను బొటనవేలితో నొక్కి, చెంబెడు నీళ్లు పోస్తారు. కొద్ది రోజులు గడిస్తే అక్కడ గుంట ఉండేదంటే నమ్మేవారు ఉండరు.

“దొంగ కూడా సొమ్ము ఇంత బాగా పాతిపెట్టడు అన్నా,” అనేవాడు గడ్డికోత యంత్రం నడిపే డ్రైవరు. “నీ దగ్గర పని నేర్చుకుంటే నాకు పగలొక ఉద్యోగం, రాత్రొక ఉద్యోగం.”

“ముందు నీ బండిని తిన్నగా నడుపు. పాము పాకినట్టున్నాయి నీ గీతలు,” అనేవారు మేస్త్రి, తల ఎత్తకుండానే.

ఆయనకు ఒక్కతే కుమార్తె. పనిముట్ల గది వెనుక, ఎవరో విరిచి పారేసిన కర్రతో బంతి కొట్టడం మొదలుపెట్టి, చివరకు ఆ ఆటనే బ్రతుకుతెరువు చేసుకున్నది. ఆమె ఆడేది చిన్న టూర్. ఊరూరా తిరిగి ఆడే పోటీల వరుస అది. పెద్ద టూర్‌కు మెట్టు వంటిది. ఏడాది పొడుగునా వచ్చిన పాయింట్లు కలిపి, సీజన్ చివరి ఛాంపియన్‌షిప్ ముగిసేసరికి జాబితాలో మొదటి పదిమందిగా నిలిచినవారికే పెద్ద టూర్‌లో చోటు. పదకొండవ వ్యక్తి మరుసటి ఏడు మళ్లీ అదే మెట్టు మీద నిలబడవలసినదే. పోయిన ఏడాది ఆ ఛాంపియన్‌షిప్ మన మైదానానికి వచ్చినది.

తండ్రి గుంటలు కోసే చోట కూతురు ఆడటం నలుగురి నోళ్లలో పడింది. “మేస్త్రి కూతురికేం, గుంటే ఎదురొచ్చి బంతిని మింగుతుంది,” అని క్యాంటీన్‌లో ఎవరో అనగా పదిమంది నవ్వారు. మేస్త్రి కూడా నవ్వారు గాని, టీ సగంలో వదిలి లేచారు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు లోకులు. ఆ మాట తన వృత్తి మీద పడకూడదని ఆయన పట్టుదల.

ఆఖరి రోజు ఉదయం నియమాల అధికారిణి పద్దెనిమిదవ గ్రీన్ మీద, అంటే చివరి గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీద, గుంట కోయవలసిన చోట రంగుచుక్క పెట్టి, తక్కిన గ్రీన్‌లు చూడటానికి వెళ్లారు. మేస్త్రి కట్టరు ఆనించి చూడగా చుక్క కింద నేల మెత్తగా కుళ్లి ఉన్నది. అటువంటప్పుడు ఒక అడుగు మేర ఏ వైపుకైనా జరుపుకునే అధికారం కోసేవారికి ఉన్నది. ఎడమవైపు చదును. కుడివైపు వాలు మొదలవుతుంది. మరే ఏడాదైనా ఆయన ఆలోచించకుండా ఎడమకే జరిపేవారు. ఆనాడు కుడికి జరిపారు. అధికారిణి తిరిగి వచ్చి చూసి, సరేనని తల ఊపారు. నిబంధన దాటినది లేదు. ఆడేవారందరికీ గుంట ఒక్కటే. అయినా ఎడమను కాదని కుడిని ఎందుకు ఎంచుకున్నారో ఆయనకు తెలుసు. కూతురికి మేలు చేశాడన్న మాట రాకుండా ఆమె దారిలో ఆయన స్వయంగా ముల్లు పెట్టారు.

సాయంత్రానికి ఆ గ్రీన్ మీద కుమార్తెకు నాలుగడుగుల దెబ్బ ఒకటి మిగిలింది. అది పడితే పదవ స్థానం. బంతి గుంట దాకా వచ్చి, అంచు పట్టుకుని ఒక చుట్టు తిరిగి, ఏదో గుర్తుకు వచ్చినట్లు బయటికి వచ్చి ఆగిపోయినది.

ఆట ముగిశాక ఆమె పనిముట్ల గదికి వచ్చింది. తండ్రి కట్టరుకు అంటిన మట్టిని గుడ్డతో తుడుస్తున్నారు.

“గుంట బాగా కోశావు నాన్నా,” అన్నది. “అంచు రవ్వంత కూడా చెదరలేదు.”

తిట్టి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

నాటినుంచి ఆయనను ఆ గుంట విడిచిపెట్టలేదు. పూడ్చిన చోట పచ్చిక కలిసిపోయి ఎంతకాలమో అయినా, మంచు పడిన ఉదయాల్లో అక్కడ మాత్రం మంచు నిలవని ఒక వలయం ఆయనకు కనిపిస్తుంది. డ్రైవరును పిలిచి చూపించారు. డ్రైవరు వంగి చూశాడు, చేత్తో తడిమి చూశాడు.

“ఏం లేదన్నా. అంతా ఒకటే తడి.”

“సరిగ్గా చూడు.”

“నా కళ్లద్దాలు మార్చాలంటావా, నీవి మార్చాలంటావా?” అని వాడు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు. తరువాత ఆ చోటి మీదుగా యంత్రం నడిపేటప్పుడల్లా వాడు కూడా వేగం తగ్గించసాగాడు.

ఇంట్లోనూ అదే తీరు. చిన్నతనంలో కుమార్తె తన గదిలో స్టీలు గ్లాసును పక్కకు పడుకోబెట్టి, అందులోకి బంతి దొర్లించేది. ఆమె పోటీలకు వెళ్లి ఇల్లు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో కూడా ఆ గదిలోనుంచి బంతి గ్లాసు అంచును తాకి తప్పుకున్న చప్పుడు ఆయనకు వినిపిస్తుంది. లేచి తలుపు తీస్తారు. మడత విప్పని దుప్పటి, గోడకు ఆనించిన పాత కర్ర, అంతే.

“ఏమండీ, టీ చల్లారిపోతోంది. గ్లాసులోకి అలా చూస్తారేం?” అని ఇల్లాలు ఒకనాడు అడిగింది.

“అంచు చూస్తున్నాను.”

“శుభ్రంగానే కడిగానండీ. అత్తగారు పోయాక నా గిన్నెలకు వంకపెట్టేవారు లేరనుకున్నాను.”

ఆయన నవ్వలేదు. ఆమె గ్లాసు తీసుకుపోయి, ఆనాటినుంచి టీ పింగాణీ కప్పులో ఇస్తున్నది. దానికీ అంచు ఉన్నది.

ఈ ఏడాది ఛాంపియన్‌షిప్ మళ్లీ ఇక్కడే. కుమార్తె మళ్లీ పదకొండవ స్థానంలో ఉండి వస్తున్నది. ఈసారి కాకపోతే ఆట మానివేస్తానని తల్లితో చెప్పింది. మొన్న నియమాల అధికారిణి గ్రీన్‌లన్నీ చూసి, పద్దెనిమిదవ దాని మీద ఆగారు.

“ఆఖరి రోజు ఇక్కడే పెడదాం మేస్త్రీ. పోయినసారి గుంట గురించి అందరూ చెప్పుకున్నారు.”

“అలాగే మేడమ్,” అన్నారు మేస్త్రి. ఆ పూటే పచ్చిక పెంచే మడిలో కట్టరు దించి చూసుకోగా, అంచు విరిగి మట్టి లోపలికి రాలినది. రెండవసారీ రాలినది. డ్రైవరు వచ్చి, కట్టరు అందుకుని, పక్కనే ఒకటి కోశాడు. నిలువుగా, శుభ్రంగా వచ్చింది.

“చెయ్యి వణకడం ఎవరికైనా ఉండేదే అన్నా.”

“చెయ్యి కాదురా. ఎడమకు జరిపితే బిడ్డకు పెట్టినట్టు. కుడికి జరిపితే మళ్లీ బిడ్డను కొట్టినట్టు. జరపకుండా కోద్దామన్నా, ఎందుకు జరపలేదని నన్ను నేనే అడుగుతాను.”

నిన్న కుమార్తె వచ్చి, పనిముట్ల గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నది.

“ఆఖరి రోజు నువ్వే కోస్తావా నాన్నా?”

“ఇంకెవరు కోస్తారమ్మా?”

“నువ్వు కోస్తే నేను బంతిని చూడలేను. నువ్వు ఎటు జరిపావా అని చూస్తాను. పోయినసారీ అదే చూశాను.”

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగింది.

“వాలు నా కంటికి కనబడింది నాన్నా. కుళ్లిన మచ్చ పక్కనే ఉంది కాబట్టి జరిపావని కూడా తెలిసింది. కానీ మా నాన్న జరిపితే చదునులోకే జరుపుతాడు, వాలులోకి జరపడు అనుకున్నాను. కళ్లను కాదని నిన్ను నమ్మి కొట్టాను.”

“జనం ఏమైనా అంటారని...” అని మాత్రం అనగలిగారు.

“తెలుసు. నీ మీద కోపం లేదు. ఉంటే ఇంత దూరం వచ్చి చెప్పను.” ఆమె లేచి బకెట్టును యథాస్థానంలో పెట్టింది. “ఈసారి వేరే ఎవరినైనా కోయనీ. నువ్వు తాడు అవతల, చూసేవాళ్లలో నిలబడు. అక్కడ ఉంటే నువ్వెటున్నావో నేను వెతుక్కోనక్కర్లేదు.”

ఆమె వెళ్లిన తరువాత ఆయన ఆఫీసు గది గుమ్మంలో వచ్చి నిలబడ్డారు. కుర్చీ చూపినా కూర్చోలేదు. “నాకోసం ఒక ముక్క వ్రాసిపెట్టాలి,” అన్నారు.

కావున కార్యవర్గం వారికి సవినయంగా విన్నవించుకొనునది: ఛాంపియన్‌షిప్ వారంలో మైదానపు సిబ్బంది ఎవరికీ సెలవు ఇవ్వరాదన్న నిబంధన ఈ అర్జీదారుకు తెలియనిది కాదు. అయినప్పటికీ, ఆఖరి రోజున పద్దెనిమిదవ గ్రీన్ మీద గుంట కోసే పనిని యంత్రం నడిపే డ్రైవరుకు అప్పగించవలసినదిగాను, కోయవలసిన స్థలం ఈ అర్జీదారుకు ముందుగా తెలియపరచకుండా ఉండవలసినదిగాను ప్రార్థన. తక్కిన పదిహేడు గుంటలూ ఎప్పటివలె తెల్లవారకముందే వీరు కోసి ఇవ్వగలరు. ఆ పని ముగిసిన తరువాత పనిబట్టలు మార్చుకుని, తాడుకు అవతల, ఆడుతున్నవారిలో ఒకరికి తండ్రిగా నిలబడుటకు ఆ ఒక్క పూట అనుమతి దయచేయవలసినదిగా కోరడమైనది.