ఇస్సాకు మాస్టారు రుచి చూసిన చుక్క

రేపల్లెలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఇస్సాకు మాస్టారు ఏనాడూ మద్యం ముట్టలేదు. లూథరన్ చర్చి సంఘంలో పెద్ద. సెలవుకు వచ్చిన తమ్ముడి కూతురు జెస్సీ భోజనాల బల్ల మీద బీరు సీసా పెట్టేసరికి ఆయన కుర్చీలోంచి లేచారు.

“ఏంటమ్మా ఇది, నా ఇంట్లో?”

“తర్వాత తిట్టండి పెదనాన్నా, ముందు వాసన చూడండి. జలుబు చేసి నా ముక్కు పనిచేయట్లేదు.”

బెంగళూరులో ఒక చిన్న బీరు కంపెనీలో నాణ్యత పరీక్షించడం ఆమె ఉద్యోగం. బ్రౌన్ ఏల్ అనే ఈ ముదురు రంగు బీరులో వాసన కోసం ఎసెన్సు కలిపారని ఫిర్యాదు వచ్చింది. అది నిజమని ఆమె రాస్తే తయారుచేసినతని ఉద్యోగం పోతుంది.

మాస్టారు గ్లాసులో పోసి వెలుగుకు పట్టారు. చిక్కటి డికాక్షన్ రంగు. ముక్కు దగ్గర పెట్టగానే నారింజ తొక్క వాసన గుప్పుమంది.

“ఎసెన్సే! తెనాలి సోడాల్లో ఇదే వాసన.”

జెస్సీ ముఖం పాలిపోయింది. అయితే ఒక్క ఆధారంతో తీర్పు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చేదు కోసం, వాసన కోసం బీరులో వేసే ఎండు హాప్ పువ్వులు ఆమె వెంట తెచ్చింది. వాటిని అరచేతుల్లో నలిపి చూసి నిర్ఘాంతపోయారు. అదే నారింజ తొక్క, అదే గుగ్గిలం ఘాటు! మళ్లీ గ్లాసు వాసన చూస్తే వాటి వెనకే కాల్చిన రొట్టె, మాడిన పంచదార వాసనలు.

“చేదు ఎంత ఉండాలి?”

“పువ్వు వేస్తే గట్టిగానే ఉండాలండి, మింగాక కూడా. ఎసెన్సుకైతే ఆ చేదు రాదు.”

ఆయన చెంచాతో ఒక్క చుక్క చప్పరించారు.

“ఉంది. ఈ వాసన పువ్వుదే, ఎసెన్సుది కాదు. రాసి పంపు.”

గుమ్మంలో నిలబడ్డ భార్య కృపమ్మ గబగబా లోపలికి వచ్చింది. “ఏంటండీ, మీరు తాగారా?”

“రుచి చూశాను. ఆదివారం సంఘంలో నేనే లేచి చెబుతాను. నేను మొదట అన్నమాటే ఖాయం చేసి ఉంటే, ఒకడి అన్నం పోయేది.”