కోళ్ళగూటికి ఐసు

మా మేనత్తను ఊరంతా ఐసత్త అంటారు. చల్లని మనిషి కాబోలు అనుకునేరు! ఆవిడ నోరు తెరిస్తే రేవులో కాకులు కూడా లేచిపోతాయి. ఆ పేరు ఐసు ఫ్యాక్టరీ కిటికీ దగ్గర వచ్చింది.

అత్త చేపలు గంపకెత్తుకుని వీధివీధీ తిరిగి అమ్ముతుంది. గంపలో ఐసు లేకపోతే ఎండెక్కేసరికి సగం సరుకు పారబోయాల్సిందే. ఆ పూట పొయ్యి వెలగదు. ఫ్యాక్టరీవాళ్ళేమో పడవ నంబరు చెప్పినవాళ్ళకే ఐసు ఇస్తారు. పెద్ద బోట్లకు దిమ్మలకు దిమ్మలు, గంపల ఆడవాళ్ళకు కింద రాలిన ముక్కలు. అవి కూడా గుమాస్తాగారి దయ.

ఒకరోజు ఆ ముక్కలూ లేవన్నాడు. అత్తకు ఒళ్ళు మండిపోయింది.

"నంబరేగా నీక్కావాల్సింది? రాసుకో" అని గడగడా చెప్పేసింది.

అది మావయ్య పడవ నంబరు. మావయ్య పోయి ఆరేళ్ళయింది. పడవ పెరట్లో బోర్లా పడుంది, దాని కింద కోళ్ళు కాపురముంటున్నాయి. రిజిస్టరులో ఆ నంబరు ఎవరూ కొట్టేయలేదు గనక గుమాస్తా నోరు మూసుకుని ఐసు ఇచ్చాడు. అత్త అక్కడితో ఊరుకుంటేనా! ఆవిడ కడుపులో మాట దాగదు. వారం తిరిగేసరికి పద్దెనిమిది మంది ఆడవాళ్ళు అదే నంబరు చెబుతున్నారు.

రిజిస్టరు ప్రకారం మా కోళ్ళగూడు రోజుకు పద్దెనిమిదిసార్లు వేటకు వెళ్ళొస్తోంది. అంత ఘనమైన పడవను చూద్దామని మేనేజరే స్వయంగా మా పెరట్లోకి వచ్చాడు. అత్త పడవ అంచు పైకెత్తింది. పుంజు ఒకటి ఆయన బూట్ల మీదుగా దూకి పారిపోయింది.

"ఇదేంటమ్మా? రేవులో ఉన్న పడవకే ఐసు. రేపట్నుంచి లేదు" అన్నాడాయన.

"రేవులో ఉంటే ఇస్తారా?"

"ఉంటే ఎందుకివ్వం?" అన్నాడు, పాపం.

మర్నాడు పొద్దున్నే పద్దెనిమిది మందీ పడవను భుజాలకెత్తారు. నేనూ ఒక భుజం పట్టాను, అది ఇప్పటికీ లాగుతుంది. తీసుకెళ్ళి రేవులో, ఫ్యాక్టరీ కిటికీ ఎదురుగా దించి, అందులో గంపలు పేర్చాం. గూడు పోయిన కోళ్ళు కూడా మా వెంటే వచ్చాయి. పెద్ద బోట్లవాళ్ళు పగలబడి నవ్వారు. అంతమంది ముందు మేనేజరు మాట తప్పలేకపోయాడు. గుమాస్తా దిమ్మలు పగలగొట్టి పడవలో పోశాడు.

అందరూ ఎగబడి గంపలు నింపుకుంటున్నారు. అత్త మాత్రం పడవ అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"కరిగిపోతోందత్తా, కానివ్వు!" అన్నాను.

 అత్త ఐసు మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"మీ మావయ్య ఇరవయ్యేళ్ళు నడిపాడే దీన్ని. చిన్న పడవ, నీ వంతు ఆఖరని ఈ కిటికీలోంచే అనేవారు. ఆఖరుకి ఏమీ మిగిలేది కాదు. ఇందులో ఐసు పడగా ఒక్కరోజూ చూడలేదే ఆయన."