ఆషాఢం దొరకని చార్టు

ఒక చార్టును పరుగెత్తించబోయి, ఒక చీరల దుకాణానికి ఆషాఢమే లేకుండా చేశాను. కొత్త దంపతులు సంతోషించి ఉండాలి. ఇంకెవరూ సంతోషించలేదు.

అప్పుడు అమీర్‌పేటలో ఓ చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. ఉద్యోగం ఖాయం చేస్తారా లేదా అన్నది ఆ చార్టు పని మీదే ఆధారపడింది. పంజాగుట్టలోని ఆ దుకాణం అమ్మకాలను చార్టులుగా చూపే డాష్‌బోర్డు మాది. తెరిస్తే చార్టు రాదు, చక్రం తిరుగుతుంది. యజమాని సుబ్బారావుగారు ఈలోగా టీ తాగి, గ్లాసు కూడా కడిగి పెట్టేవారట.

మా టీమ్ లీడ్ యాదగిరన్న నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"గీ చక్రమేంది తమ్మీ? తెరిచినప్పుడల్లా బిల్లు బిల్లు కూడుతున్నదా?"

"అవునన్నా."

"జర ముందుగాల్నే రోజు లెక్క కూడి పెట్టు. రేపు సారు ముంగట గిట్లనే తిరిగితే నీ ఉద్యోగం సుత తిరుగుతది."

రోజుకు కూడితేనే ఇంత లాభమైతే, నెలకు కూడితే ఎంతో! ఇదీ నా తెలివి. కొత్త డాష్‌బోర్డులో జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకో అంకె పెట్టి, అందులోంచి బిల్లులు తీసేశాను. పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలా చార్టు అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

మర్నాడు దుకాణంలో సుబ్బారావుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"అబ్బో, భలే వచ్చిందే! ఏదీ, పోయిన ఆషాఢం చూపించు బాబూ. ఎల్లుండే మొదలు. వేటి మీద ఎంత తగ్గించాలో చూసుకోవాలి."

"జూన్ చూపించమంటారా, జూలైయా అండీ?"

"ఆషాఢం బాబూ."

"అది రెండింట్లోనూ ఉందండీ."

"అయితే విడదీయి."

కలిపిన పిండిలోంచి నీళ్లు తీయగలమా? మీరే చెప్పండి.

"ఏంటయ్యా ఇది! జూన్ సేల్ అని బోర్డు పెడితే మా కొట్టుకు ఎవరొస్తారు?"

యాదగిరన్న నెత్తి కొట్టుకున్నాడు. "రోజు లెక్క కూడుమంటే నెలకు నెల మింగినవ్ కదరా!"

పాత డాష్‌బోర్డే తెరిచాం. చక్రం తిరిగింది. సుబ్బారావుగారు టీ తెప్పించారు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఆ రోజు విషమంతా నా తొందరలోనే ఉంది. రెండో టీ అయ్యేసరికి ఆషాఢం వచ్చింది.

బయటికి వచ్చాక భయపడుతూ అడిగాను. "అన్నా, నా ఉద్యోగం ఖాయం చేస్తరా?"

"అది శుభకార్యం తమ్మీ. ఆషాఢంల చెయ్యం. శ్రావణంల చూద్దాం."

యాదగిరన్న ఇప్పుడు లేడు. ఉంటే ఈ కథ నాకంటే బాగా చెప్పేవాడు, నన్ను ఇంకొంచెం ఎక్కువ తిట్టి.

పంచాంగం చూడకుండా ఇకపై ఏ చార్టునూ పరుగెత్తించనని ప్రమాణం చేశాను. ఆ ప్రమాణం కూడా శ్రావణం వచ్చేదాకా ఆగే చేశాను.