నా యుద్ధభూమిలో మిరపకట్టె

నాలుగు నెలలుగా చేస్తున్న మిలిటరీ రైలు బోగీ నమూనా ఈ రోజు పూర్తయింది. మూరెడు కూడా లేని బోగీ, దాని మీద ఫిరంగి. పట్టాల కింద కంకరగా చీమకుర్తి నుంచి తెప్పించిన గ్రానైట్ రవ్వ పోశాను. పక్కన యుద్ధంలో కాలిన నేల కనిపించాలని మిరపకట్టె తుంచి, నల్లరంగు వేసి, మట్టిలో మోడుల్లా గుచ్చాను. చూసినవాళ్ల గుండె బరువెక్కాలని నా ఆశ.

సాయంత్రం పక్కింటి మరియమ్మ గారు తోడుకి కాస్త పెరుగు అడగడానికి వచ్చారు. పాతికేళ్లుగా మిరప కోతలకు వెళ్తున్న మనిషి. రైలు వంక చూడనే లేదు.

"ఆఖరి కోత అయిపోయిందిగా మేష్టారూ, కట్టె పీకకుండా అట్టా వదిలేశారేంటి?"

"అది యుద్ధంలో కాలిపోయిన నేలండీ," అన్నాను.

"కాలితే మాత్రం? వాన పడేలోపు దున్నుకోవాలి గదా."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ వెళ్లాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత సగం మోళ్లు పీకేసి, మట్టి తడిపి, పాత దువ్వెనతో చాళ్లు తీశాను. ఫిరంగి అలాగే ఉంది. నా కళ్లు మాత్రం చాళ్ల మీదకే పోతున్నాయి.

ఇప్పుడు అందులో మిరప వేయనా, పత్తి వేయనా? మీరే చెప్పండి.